పెళ్ళికొడుకు నడక

ఆత్రపు పెళ్ళికొడుకు అత్త మెడలో తాళి కట్టాడట. మా గుర్రానికి పేరు ఆ సామెతలోంచే వచ్చింది. పెట్టింది మా అక్క. అక్క అంటే తోడబుట్టినది కాదు, తోడికోడలు, మా బావగారి భార్య. రెండు కొప్పులు ఒకచోట ఇమడవంటారు. ఆ మాట పుట్టించినవాళ్ళు మా ఇంటివైపు వచ్చి ఉండరు. నేను కాపురానికి వచ్చేనాటికి నాకు గుర్రానికి ముందేదో వెనకేదో తెలుసు, అంతే. జీను మీద కూర్చోవడం అక్క నేర్పింది. పడితే లేవడం నేర్పింది. పడినందుకు గుర్రాన్ని తిట్టకూడదని కూడా నేర్పాలని చూసింది గానీ, అది నాకు ఇప్పటికీ సరిగ్గా రాలేదు.

మాది స్వారీ నేర్పే చోటు. పొడుగాటి ఇల్లు, ఇంటిని ఆనుకుని కంచె వేసిన ఇసుక మైదానం, దాని చివర గుర్రాల సాల. బావగారు గుర్రాలకు లాడాలు కొడతారు. దాణా, గడ్డి, విరిగిన కంచె, అలిగిన పనివాళ్ళు మా ఆయన వంతు. పాఠాలు అక్కవీ నావీ. అక్క మైదానం మధ్యలో నిలబడి ఒక్క కేక వేసిందంటే స్వారీ చేస్తున్నవాళ్ళే కాదు, కంచె బయట కబుర్లాడుతున్నవాళ్ళు కూడా వీపు నిటారు చేసుకునేవాళ్ళు.

పెళ్ళికొడుకు పిల్లగా ఉన్నప్పటి నుంచి అక్క చేతుల్లో పెరిగాడు. ఎర్రటి ఒళ్ళు, నుదుటి మీద తెల్ల మచ్చ. కరవడు, తన్నడు, మనసులో విషం లేదు. ఉన్నదల్లా తొందర. మనం ఒక కాలు రికాబులో పెట్టగానే బయలుదేరతాడు, రెండో కాలు సంగతి మనం చూసుకోవాలి. నడవమంటే పరుగు, పరుగెత్తమంటే ఇంకా పెద్ద పరుగు. పగ్గాలు లాగితే ఆగుతాడా అంటే, లాగినకొద్దీ వాటి మీదే బరువంతా వేసి ముందుకు తోసుకుపోతాడు. అక్క ఎక్కితే మాత్రం వీడేనా వాడు అనిపించేది. కదలాలంటే అక్క నాలుకతో టక్కుమని చిన్న చప్పుడు చేసేది. తగ్గాలంటే పొడుగ్గా ఊపిరి వదిలి "నెమ్మది" అనేది. అంతే, ఇంకేమీ చేసేది కాదు. పగ్గాలు ఆమె వేళ్ళ మధ్య ఆరేసిన బట్టల తాడులా వేలాడుతూ ఉండేవి.

చలికాలంలో ఒక పొద్దున్న అక్క చేతిలోంచి కప్పు జారి పడింది. కప్పు పోతే పోయిందిలే అంటూ నేను చీపురు తెచ్చేసరికి అక్క కూడా కుర్చీలోంచి జారుతోంది. పక్షవాతం అన్నారు. ఆసుపత్రి నుంచి వచ్చేసరికి కుడి కాలు కర్ర సాయంతో నడిచే స్థితికి వచ్చింది, కుడి చెయ్యి సగం వచ్చింది, మాట మాత్రం ఇంకా దారిలోనే ఉండిపోయింది. బుర్ర ఎప్పటిలాగే చురుకు. చెప్పదలచుకున్నదంతా లోపల ఉంది, నాలుక దాకా వచ్చి అక్కడ చిక్కుకుంటుంది.

నాకు ఎవరి కష్టమైనా చూస్తూ నిలబడడం చేతకాదు. ఆలస్యం అమృతం విషం అన్నమాట నాకోసమే పుట్టింది. అక్క "నీ" అనగానే నీళ్ళు తెచ్చేదాన్ని. "కి" అనగానే కిటికీ తెరిచేదాన్ని. ఆమె నోరు తెరిచి కష్టపడుతుంటే ఆ మాటేదో నేనే అనేసి ఆమె బరువు దించేదాన్ని. ఒక్కోసారి తప్పేది. నీళ్ళు కాదు, నీడలో కూర్చుంటానని అయి ఉండేది. అయినా అక్క విసుక్కునేది కాదు, గ్లాసు అందుకుని ఒక గుక్క తాగేది. ఎండ ముదిరేనాటికి ఆమె అసలు మాట్లాడడమే తగ్గించేసింది. మైదానం వైపు గదిలో కిటికీ దగ్గర కూర్చుని గుర్రాల్ని చూసేది. ఆ మౌనం చూస్తే నాకు భయమేసేది. మనిషి ఎదురుగా ఉండగానే ఆ మనిషి మీద బెంగ పెట్టుకున్నాను.

నిదానంగా నడిచే గుర్రమైతే పక్కన మనుషులుండగా ఎక్కవచ్చు, ఒంటికి మంచిదే అని డాక్టరు చెప్పినప్పుడు ఇంట్లో దీపం పెట్టినట్టయింది. మా దగ్గర ముసలి బూడిదరంగు ఆడగుర్రం ఉంది, అందరం బామ్మ అంటాం. దాన్ని జీను వేసి తెచ్చాను. అక్క తల అడ్డంగా ఊపి, కర్ర ఎత్తి పెళ్ళికొడుకును చూపించింది. మర్నాడూ అంతే. బామ్మను ఎక్కితే తనూ బామ్మ అయిపోతానని భయమేమోనని మా ఆయన అన్నాడు. అక్క నవ్వింది గానీ కర్ర మాత్రం దించలేదు.

బావగారు కొలిమి దగ్గరికి నన్ను పిలిచారు. ఆయన మాటలు లాడాల్లాంటివి, కొలత చూసుకుని గానీ వెయ్యరు. నది అవతల పరుగుల గుర్రాలు పెంచే ఆసామితో మాట్లాడానని, నెలాఖరుకు వ్యాను వచ్చి పెళ్ళికొడుకును తీసుకుపోతుందని చెప్పారు. నేను గొంతు పెంచాను. ఆయన పెంచలేదు.

"వాడు కళ్ళముందు ఉన్నంతకాలం ఆమెకు ఆశ చావదమ్మాయ్. ఎక్కిస్తే కింద పడేస్తాడు. ఇంకోసారి ఆమెను నేల మీద చూడలేను" అన్నారు.

వాదించి గెలవలేనప్పుడు పందెం కాస్తాను, అది నా గుణం. నెలాఖరులోపు వాణ్ణి ఆమె నడకకు తెస్తే ఉంచుతారా అని అడిగాను. తెస్తే చూద్దామన్నారు. ఆ ముఖం చూస్తే నేను తెస్తానని ఆయన నమ్మలేదు, తేవాలని మాత్రం కోరుకుంటున్నారు.

మర్నాటి నుంచి పొద్దున్నే పాఠాలు మొదలవకముందు వాణ్ణి మైదానంలోకి తెచ్చాను. దూకుడు గుర్రంతో బలం పనికిరాదు, వాడి మెడ ముందు మన చేతులెంత. వాడు తోసుకుపోబోతే పగ్గం బిగించకుండా వలయంలోకి తిప్పడం, ఆ వలయం చిన్నది చేస్తూ పోవడం. తనంతట తాను తగ్గిన క్షణంలోనే వదులు ఇచ్చి మళ్ళీ తిన్నగా పంపడం. మధ్యమధ్య ఆపి, వాడు తల దించి పెదవులు చప్పరించేదాకా ఊరికే కూర్చోవడం. ఈ ఊరికే కూర్చోవడమే నాకు గండం. వాడు తల దించేలోపు నా కాళ్ళు రెండుసార్లు కదిలేవి. ఇద్దరు పెళ్ళికొడుకులు ఒకరికొకరు నిదానం నేర్పుకుంటున్నారంటూ మా ఆయన కంచె మీద మోచేతులు ఆనించి చూసేవాడు. అతని వైపు ఇసుక ఎగిరేలా ఒక చుట్టు తిప్పాను.

అయినా వాడు మారాడు. సాల వైపు నడిచాడు, గేటు పక్కన నడిచాడు, తోటి గుర్రాలు సకిలిస్తున్నా నడిచాడు. ఒక్కచోట తప్ప. ఇంటి గోడ వెంబడి వెళ్ళే పొడుగు వైపున, అక్క కిటికీ దాటేచోట, ఉన్నట్టుండి వీపు బిగించి దూసుకుపోయేవాడు. రోజూ అక్కడే. అక్కడ ఏముందని చూస్తే గోడ, పూలకుండీ, సగం తెరిచిన కిటికీ. కుండీ తీయించాను. కిటికీ అద్దం మీద ఎండ మెరుస్తోందేమోనని దారి మార్చి చూశాను. రెండోవైపు నుంచి తెచ్చినా అదే వరస. నిన్నటిదాకా కుదిరిందంతా ఆ నాలుగు అడుగుల్లో పోయేది. నెలాఖరు దగ్గరపడుతున్నకొద్దీ నా నోరు కూడా జారింది. తిండికి తిమ్మరాజు, పనికి పోతరాజు అని వాణ్ణి తిట్టాను. అది వాడికి వర్తించదు, పనికి వాడే ముందుంటాడు. కోపంలో సామెతలు వెతుక్కునే తీరిక ఉండదు.

ఒక పొద్దున్న ఓపిక నశించి, దిగిపోయి, వాణ్ణి ఆ కిటికీ కిందే నిలబెట్టాను. ఇక్కడే ఉందాం, నీకు ఏ దయ్యం కనబడుతుందో నాకూ చూపించు అన్నాను. వాడు నిలబడ్డాడు. నేనూ నిలబడ్డాను. అప్పుడు వినిపించింది. టక్. పెళ్ళికొడుకు చెవులు రెండూ కిటికీ వైపు తిరిగాయి. టక్, టక్. వాడు నన్ను ఈడ్చుకుంటూ ముందుకు నడిచాడు. ఆ చప్పుడు నేను చెయ్యలేదు.

వాణ్ణి కంచెకు కట్టేసి లోపలికి వెళ్ళాను. అక్క కిటికీ వెలుగులో చేతి అద్దం పట్టుకుని కూర్చుంది. నోరు తెరిచి, నాలుక అంగిలికి ఆనించి, గట్టిగా లాగి వదులుతోంది. టక్. కొంచెం ఆగి, మళ్ళీ. నన్ను చూసి దొంగకు తేలు కుట్టినట్టు అద్దాన్ని దిండు కిందకు తోసింది.

మాట నేర్పే అమ్మాయి ఒకామె వారానికి రెండుసార్లు వస్తుంది. నాలుకలో సత్తువ రావడానికి రోజూ పొద్దున్నే అద్దం ముందు ఇలా చెయ్యాలని ఆమె చెప్పిందట. అక్క చేస్తోంది, నెలల తరబడి, ఎవరికీ చెప్పకుండా, కిటికీలోంచి తన గుర్రాన్ని చూసుకుంటూ. ఆ చప్పుడు బయటికి వెళ్తుందన్న ఆలోచనే ఆమెకు రాలేదు. గుర్రానికి అందుతుందన్న ఆలోచన అసలే రాలేదు. వాడికి మాత్రం ఎక్కడున్నా ఆ నాలుక తెలుసు. కదలమని అక్క చెప్తోంది, వాడు కదులుతున్నాడు.

మా ముందు ఎందుకు చెయ్యలేదని అడిగాను. అక్క నోరు తెరిచింది. "ను" అంది.

"నువ్వు నవ్వుతావనా? నేనెందుకు నవ్వుతానక్కా, నేను..."

అక్క ఎడమ చెయ్యి ఎత్తింది. అరచెయ్యి నా వైపు తిప్పి, వేళ్ళు కలిపి. మైదానంలో స్వారీని ఆపడానికి ఎత్తే చెయ్యి అది. ఆ చెయ్యి చూస్తే నా ఒళ్ళు దానంతటదే ఆగిపోతుంది. ఆగాను. నాలుక అంగిలికి తగిలి టక్కుమంది, తర్వాత మాట వచ్చింది.

"నువ్వు... ముందే... అనేస్తావు."

ముఖం మీద చన్నీళ్ళు కొట్టినట్టయింది. కోపం వచ్చింది, ఏడుపు వచ్చింది, రెండిటికీ చోటు చాలక మంచం మీద కూలబడ్డాను. ఇన్ని నెలల్లో అక్క నాతో చెప్పిన పూర్తి వాక్యం ఇదొక్కటే. చెప్పడానికి చెయ్యి అడ్డం పెట్టాల్సి వచ్చింది. బయట పెళ్ళికొడుకు కంచె మీదుగా మెడ చాచి గదిలోకి చూస్తున్నాడు.

"వాడు నీ మాట వింటున్నాడక్కా" అన్నాను. "నీ మాట విన్నందుకే నేను రోజూ వాణ్ణి తిడుతున్నాను."

అక్క వాడి వైపు చూసింది. ఆమె నవ్వు ఇప్పుడు ఒక పక్కకే వస్తుంది. ఆ ఒక పక్క నవ్వుతోనే కళ్ళు తుడుచుకుంది.

నా బుర్ర వెంటనే పరుగందుకుంది. అక్క వెనక గదిలో చేసుకుంటే సరిపోతుందన్నాను. రెండు రోజులు అలాగే చేశాం, వాడు కిటికీ దగ్గర ముచ్చటగా నడిచాడు కూడా. కానీ ఈలోపు ఇంకోటి గమనించాను. ఇప్పుడు వింటున్నాను కాబట్టి తెలిసింది. అక్క ఏ మాట మొదలుపెట్టినా ముందు నాలుక అంగిలికి తగిలి ఆ చప్పుడు వస్తుంది, మాట దాని వెనక వస్తుంది. అంటే జీను మీద కూర్చుని ఆమె నోరు విప్పిన ప్రతిసారీ వాడు పరుగు తీస్తాడు. గుర్రం మీద ఉన్నంతసేపూ నోరు మూసుకుంటే చాలని మా ఆయన అన్నాడు. మంచి ఉద్దేశంతోనే అన్నాడు. ఆ షరతు మీదైతే ఆమె ఎక్కనే వద్దని నేను అరిచాను. నా అరుపు విని బావగారు కొలిమి దగ్గర సుత్తి ఆపారు.

అలా పాఠం మారింది. వాడికి అక్క చప్పుడు వినిపించకుండా చెయ్యడం కాదు, విని కూడా నిలబడడం నేర్పాలి. మైదానంలో కుర్చీ వేసి అక్కను కూర్చోబెట్టాను. పక్కనే పెళ్ళికొడుకు, వాడి తాడు నా చేతిలో. అక్క టక్ అంటుంది, వాడు బయలుదేరతాడు, నేను చిన్న వలయంలో తిప్పి తిరిగి ఆమె పక్కకే తెస్తాను. అక్క పొడుగ్గా ఊపిరి వదులుతుంది. "నెమ్మది" అన్న మాట ఆమెకు ఇంకా రాదు. అది మూడు కొండలు ఎక్కినంత పని. అయినా ఆ ఊపిరికే వాడి మెడ కిందకు దిగింది. ఇన్నేళ్ళూ వాడు విన్నది మాటను కాదు, దాని ముందున్న ఊపిరిని. తల దించినప్పుడు అక్క ఎడమ చేత్తో వాడి నుదుటి మచ్చ రుద్దుతుంది. మళ్ళీ టక్.

పాపం, మొదట్లో వాడి అయోమయం చూడాలి. పిలిచేదీ మీరే, ఆపేదీ మీరే అన్నట్టు మా ఇద్దరినీ మార్చి మార్చి చూసేవాడు. నాకు జాలేసింది. తొందరపడడమంటే ఏమిటో నాకు తెలుసు. ఎదుటివాళ్ళకు కావలసింది వాళ్ళు అడగకముందే తెచ్చి పెట్టాలని ఉంటుంది. తెచ్చింది అక్కర్లేదంటే ముఖం ఎక్కడ పెట్టుకోవాలో తెలియదు. వాడి మెడ మీద చెయ్యి వేసి, నిలబడరా, నిలబడితే చాలు, నువ్వు ఇంకేమీ చెయ్యక్కర్లేదు అని చెప్పేదాన్ని. సగం వాడికి, సగం నాకు.

క్రమంగా వాడు బయలుదేరబోయి ఆగడం మొదలుపెట్టాడు. తర్వాత ఒక కాలు ఎత్తి దించడం. తర్వాత చెవులు మాత్రమే కదపడం. ఇంకో సంగతి కూడా జరిగింది. దాపరికం పోయేసరికి అక్క నాలుక కసరత్తు రోజంతా సాగింది. వినేవాడు దొరికాడు కదా. గుర్రం మధ్యలో మాట అందించదు, ఎంతసేపైనా వింటుంది.

నెలాఖరున వ్యాను వచ్చింది. డ్రైవరు గేటు పక్కన ఆపి, వెనక తలుపు తీసి, చెక్క పలక దించాడు. బావగారు అతన్ని కాసేపు ఆగమన్నారు. ఎక్కే దిమ్మ దగ్గరికి అక్కను ఆయనే నడిపించుకొచ్చారు. ఆమె నడుం పట్టుకుని జీను మీద కూర్చోబెట్టాక కూడా ఆయన చేతులు వెంటనే వదల్లేదు. ఎర్రగా కాలిన ఇనుము పట్టుకునే చేతులవి. అక్క ఎడమ చేత్తో పగ్గాలు తీసుకుని, కుడి చేతిని తొడ మీద పెట్టుకుంది. ఒక పక్క బావగారు, ముందు నేను, కళ్ళేనికి కట్టిన తాడు నా గుప్పిట్లో.

నడిచాం. గేటు దాటాం, సాల దాటాం. వాడి చెవులు వెనక్కి, అక్క వైపు తిరిగి ఉన్నాయి. ఇంటి గోడ వెంబడి తిరిగి కిటికీ దగ్గరికి వచ్చేసరికి అక్క నోరు తెరిచింది.

టక్.

పెళ్ళికొడుకు ఒంట్లోంచి అల ఒకటి వెళ్ళింది, నా చేతికి తెలిసింది. బావగారి చెయ్యి అక్క మోకాలి మీదికి పోయింది. వాడు దూకలేదు, ఆగాడు. నాలుగు కాళ్ళూ ఇసుకలో పాతినట్టు నిలబడి విన్నాడు. మాట ఇంకా రాలేదు. పైన అక్క పెదవులు కష్టపడుతున్నాయి. నా నోట్లో పది మాటలు సిద్ధంగా ఉన్నాయి: భయమేస్తోందా, దించమంటావా, నీళ్ళా, నొప్పా. నా నోట్లో నువ్వుగింజ నానదని ఊరంతా అంటుంది. ఆ రోజు పది గింజలు నానబెట్టాను. వ్యాను డ్రైవరు ఏదో అడగబోతే మా ఆయన అతని భుజం మీద చెయ్యి వేశాడు. గుర్రం ఆగింది, నేను ఆగాను, బావగారు ఆగారు.

"వ...దు...లు" అంది అక్క.

పాఠాల్లో నాతో ఎన్నిసార్లు అన్నదో ఆ మాట. నా చేతి వైపు చూసుకున్నాను. తాడును రెండు చుట్లు చుట్టి, వేళ్ళు తెల్లబడేలా పట్టుకుని ఉన్నాను. వాడు ఎప్పుడో నిమ్మళించాడు, బిగుసుకుపోయింది నేనే. బావగారి వైపు చూశాను. ఆయన అక్క వైపు చూశారు. తర్వాత ఆమె మోకాలి మీంచి చెయ్యి తీశారు. నేను తాడు విప్పేశాను.

అక్క పొడుగ్గా ఊపిరి వదిలింది. మడమతో వాడి పక్కను కొంచెం నొక్కింది. పెళ్ళికొడుకు తల దించుకుని ఒక్కో అడుగే వేస్తూ బయలుదేరాడు. పగ్గాలు వేలాడుతున్నాయి. నేను ఇసుకలో నిలబడి సిగ్గు లేకుండా ఏడ్చాను.

ఎప్పుడు ఎక్కించమంటారని డ్రైవరు అడిగాడు. బావగారు ముక్కు తుడుచుకుని, పెళ్ళికొడుకు ఖాళీగా లేడు, వచ్చిన శ్రమకు క్షమించమని మీ అయ్యగారికి చెప్పు అన్నారు.

వాళ్ళిద్దరూ మైదానమంతా చుట్టి నా ముందుకు వచ్చారు. అక్క నన్ను చూసి మళ్ళీ నోరు తెరిచింది. టక్. గుర్రం ఆగింది. ఏం చెప్పబోతోందో నాకు తెలియదు. చేతులు కట్టుకుని, ఆ మాట వచ్చేదాకా వాడి పక్కనే నిలబడ్డాను.